చిన్నమెదడూ మూడో జ్వరమూ

నా తల వెనక, జడ మొదలయ్యే చోటికి కాస్త కింద, బొటనవేలు ఇమిడేంత గుంట ఉంది. దువ్వుకునేటప్పుడు దువ్వెన అక్కడికి వచ్చి ఒకసారి ఆగుతుంది. ఎన్నో ఏళ్ళుగా ఆగుతూనే ఉంది, నేను విసుక్కుంటూనే ఉన్నాను. ఆ గుంట ఎలా వచ్చిందని అడిగినవాళ్ళకు పట్టుపురుగుల కోసం పడ్డానని చెబుతాను. వాళ్ళకు అర్థం కాదు. అర్థం కాకపోతే పోనీలే అని నేనూ వదిలేస్తాను, వివరంగా చెప్పేంత ఓపిక నాకు ఎప్పుడూ లేదు. ఇప్పుడు మాత్రం కూర్చుని రాస్తున్నాను.

మాది తమిళనాడు అంచున, కెలమంగలం పక్కన చిన్న పల్లె. ఎనభైల మొదట్లో సంగతి. ఇంట్లో ముగ్గురం పెద్దవాళ్ళం, ఒక పాప. నా భర్త హోసూరులో కొత్తగా వచ్చిన ఒక ఫ్యాక్టరీలో షిఫ్టుల పనికి పోయేవాడు. మల్బరీ తోటా, పురుగుల గదీ అత్తవీ నావీ. అత్త సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో ఒక దానిమీద కోపంగా ఉండే మనిషి. మాటలు తక్కువ. ఆమె నన్ను మెచ్చుకున్న రోజు గుర్తు లేదు గానీ, ఆమె పెట్టిన సంగటి ముద్ద నాకు ఎప్పుడూ చాలకపోలేదు. పాపకు నాలుగేళ్ళు.

పురుగులు గూడు కట్టడానికి వెదురుతో అల్లిన చాపలు ఉంటాయి. వాటిని చంద్రికలంటాం. పని లేనప్పుడు అటక మీద పెట్టేవాళ్ళం. ఆ రోజు వాటిని దించాలని నిచ్చెన వేశాను.

“రవ్వంత నిలుచుకో, చేతులు కడుక్కోని వచ్చి నిచ్చెన పట్టుకుంటాను” అంది అత్త పెరట్లో నుంచి.

నిలుచుకునే గుణం నాకు పుట్టుకతోనే లేదు. ఎక్కాను. రెండు చంద్రికలు దించాను. మూడోదానితో పాటు నేనూ దిగాను, నిచ్చెన లేకుండా. తల వెనక భాగం రోటి అంచుకు తగిలింది. ఆ తర్వాత సంగతులు నాకు మావాళ్ళు చెప్పినవే.

బెంగళూరు పెద్దాసుపత్రిలో తల వెనక ఎముక తొలిచి, గడ్డకట్టిన రక్తం తీశారు. నెల రోజులకు ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మా ఆయనకు కన్నడంలో చెప్పాడట. దెబ్బ తగిలింది చిన్నమెదడుకు. నడకా, చేతి పట్టూ, తూలకుండా నిలబడటమూ దాని పని. కొన్నాళ్ళు తూలుతుంది, మెల్లగా సర్దుకుంటుంది. ఆలోచనకూ గుణానికీ ఏమీ భయం లేదు. డాక్టరు మంచి మనిషే. ఆయన చదివిన పుస్తకాల్లో అంతవరకే ఉండి ఉంటుంది.

చూడటానికి వచ్చిన ఊరివాళ్ళు మాత్రం ఈ మాటను తమకు తోచినట్టు పంచుకున్నారు. “పెద్దమెదడు బాగుందంట, చిన్నదే చెడిందంట. పోనీలే, ఒకటైనా మిగిలింది” అని ఒకామె మా అత్తను ఓదార్చింది.

నడక సంగతి డాక్టరు చెప్పినట్టే ఉంది. కాళ్ళు ఎడంగా పెట్టి, గోడ పట్టుకుని నడిచేదాన్ని. “మీ మామ బతికున్నప్పుడు సారాయంగడి నుంచి ఇట్లే వచ్చేటోడు. ఆయప్ప పాట పాడుకుంటా వచ్చేటోడు, నీకు అదీ లేదు” అంది అత్త. చెంబు అందుకోబోతే చెయ్యి చెంబు దాటి అవతలికి పోయేది. వెనక్కి తెస్తే ఇవతలికి వచ్చేది. మూడోసారికి చెంబు దొరికేది, నీళ్ళు మాత్రం అప్పటికి నేలమీద ఉండేవి.

ఇవన్నీ అందరికీ కనబడేవి. కనబడనిది ఇంకొకటి ఉంది. అది నాకు సంగటి కెలికేటప్పుడు తెలిసింది. నీళ్ళు కాగాలి, నూకలు ఉడకాలి, పిండి వెయ్యాలి, మూత పెట్టాలి, తెడ్డుతో కెలకాలి. పదేళ్ళప్పటి నుంచి చేస్తున్న పని. ఆ రోజు ఖాళీ కుండలో పిండి పోశాను, పొయ్యి వెలిగించాను, ఆ తర్వాత నీళ్ళ కోసం బయలుదేరాను. పిండి మాడిన వాసన వచ్చింది. అత్త వచ్చి కుండ దించి, నా మొహం చూసింది. ఏమేం చెయ్యాలో అన్నీ నాకు తెలుసు. ఏది ముందో, ఏది వెనకో మాత్రం తెలియదు. తీగ తెగి చేతిలో పూసలన్నీ ఉన్నట్టు ఉండేది. ఒక్క పూసా పోలేదు, దండ మాత్రం లేదు.

నోటి సంగతీ అంతే. ఒకప్పుడు మనసులో అనుకుని మింగేసే మాటలు ఇప్పుడు ఆగడం మానేశాయి. మా ఆయన పెద్దమ్మ అరటిపండ్లు తెచ్చి, కుక్కి మంచం మీద కూర్చుని, అయ్యో పాపం అంటోంది. “నువ్వు పరామర్శకు రాలేదు పెద్దమ్మా. నా తల ఎట్లుందో చూసిపోయి ఊరంతా చెప్పల్లని వచ్చినావు” అన్నాను. నేను అన్న మాట నాకే వినబడి ఆశ్చర్యపోయాను. పెద్దమ్మ పండ్లు అక్కడే పెట్టి లేచిపోయింది. అత్త గోడవైపు తిరిగి భుజాలు కదిలించింది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. మా పెళ్ళయినప్పటి నుంచీ ఆమెకు ఆ మాట అనాలని ఉండేదట.

నవ్వూ ఏడుపూ అంటే గుర్తొచ్చింది, అసలు కష్టం అక్కడే ఉంది. కోడి మంచం ఎక్కిందని గంటసేపు వెక్కి వెక్కి ఏడ్చాను. దూడ చచ్చిపోయిందని చెప్పడానికి మా ఆయన మెల్లగా వచ్చి చెయ్యి పట్టుకుంటే పకపకా నవ్వాను. లోపల నవ్వు లేదు. లోపల దూడ మీద దిగులే ఉంది. చెయ్యి చెంబును దాటి పోయినట్టే దిగులు కూడా ఎక్కడికో పోయి ఇంకేదో ముట్టుకుని వచ్చేది. కొన్నిసార్లు ఏమీ ముట్టుకోకుండా ఊరికే తిరిగి వచ్చేది. అప్పుడు నేను గోడలా కూర్చునేదాన్ని.

చాలా ఏళ్ళ తర్వాత కృష్ణగిరిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మకు ఇదంతా చెప్పాను. చిన్నమెదడు చేతికీ కాలికీ ఎలా కొలత పెడుతుందో ఆలోచనకూ, కోపతాపాలకూ అలాగే కొలత పెడుతుందని ఇప్పుడు పెద్ద డాక్టర్లు కూడా ఒప్పుకుంటున్నారని చెప్పింది. ఎంత, ఎప్పుడు, దేని తర్వాత ఏది అన్నది చూడటమే దాని పని అట. నాకు సంతోషం వెయ్యలేదు, ఒళ్ళు మండింది. ఆ ముక్క ఎవరైనా అప్పుడే చెప్పి ఉంటే మా అమ్మ నా బిడ్డను తీసుకుపోయేది కాదు.

పాప గడప తట్టుకుని పడింది. పై పెదవి చిట్లింది. నేను ఎలా లేచానో తెలియదు, తూలుకుంటూనే చేరి, పైట చెంగు దాని పెదవికి అదిమి పట్టాను. అంతవరకూ బాగానే ఉంది. ఆపైన నవ్వొచ్చింది. మామూలు నవ్వు కాదు, కళ్ళలో నీళ్ళు వచ్చేంత నవ్వు. గుండె దడదడా కొట్టుకుంటోంది, బిడ్డ రక్తం వేళ్ళకు వెచ్చగా తగులుతోంది, నోరు మాత్రం నవ్వుతోంది. ఆపాలని చూస్తే ఇంకా ఎక్కువైంది. పాప ఏడుపు ఆపేసి నా మొహంలోకి చూసింది. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం దిగదు. వీధిలో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు కూడా చూశారు.

మా పుట్టిల్లు ఉద్దనపల్లి. మాట ఎలా చేరిందో గానీ మర్నాడు మధ్యాహ్నం బస్సుకే మా అమ్మ దిగింది. మా అమ్మ పొట్టిగా, గట్టిగా ఉంటుంది. అనుకున్నది చేసేదాకా నీళ్ళు కూడా తాగదు. అత్త ఇచ్చిన మజ్జిగ పక్కన పెట్టింది.

“వదినా, పాపను నేను పిలుచుకోని పోతాను. దీనికి ఒళ్ళు కుదురుకునే దాకా నా దగ్గరే ఉండనీ. బిడ్డకి నెత్తురొస్తా ఉంటే నగేదాని దగ్గర ఎట్ల వదిలేది?”

“అది కావాలని నగలేదు వదినా” అంది అత్త.

“ఆ సంగతి నాకు తెలుసు, నీకు తెలుసు. నాలుగేండ్ల బిడ్డకి ఎట్ల తెలుస్తాది? రాత్రంతా నిద్దరలో ఉలిక్కిపడిందంట గదా?”

అమ్మ చెప్పింది అన్యాయం కాదు. పాప అమ్మమ్మ చెయ్యి పట్టుకుని బస్సెక్కింది. నాకు ఏమీ అనిపించలేదు. నిజంగా ఏమీ అనిపించలేదు. ఆవు తోక ఊపడం చూస్తూ నిలబడ్డాను. ఊరంతా అది కూడా చూసింది. మూడోనాడు తోటలో ఆకు కోస్తుంటే మల్బరీ పండ్లు నల్లగా మాగి, కోసే చెయ్యి లేక కిందికి రాలుతున్నాయి. పాప వాటిని తిని మూతి ఊదా రంగు చేసుకునేది. అప్పుడు వచ్చింది ఏడుపు, మూడు రోజులు ఆలస్యంగా. సాళ్ళ మధ్య పడుకుని ఏడ్చాను. అత్త వచ్చి నా పక్కన మట్టిలోనే కూర్చుంది. సముదాయించలేదు. నేను ఆపేదాకా గడ్డి పీక్కుంటూ కూర్చుంది.

తర్వాతి ఆదివారం ఆమె మంచి చీర కట్టుకుని, ఎవరికీ చెప్పకుండా ఉద్దనపల్లి బస్సెక్కి, పొద్దు వాలేలోపు తిరిగొచ్చింది.

“మీ అమ్మతో మాట్లాడి వచ్చినాను. ఒక పంట. గుడ్డు పగిలిన నాటి నుంచి గూడు ఇడిపించే దాకా, అంతా నీ చేత్తోనే. నేను తట్ట ముట్టను. గూడు వచ్చిందంటే పాప వస్తాది.”

“బిడ్డకీ పురుగులకీ ఏమి సంబంధం?” అన్నాను.

“మీ అమ్మా అదే అడిగింది. బిడ్డకి ఆకలైతే అడుగుతాది, పురుగు అడగదు. అడగని దాన్ని చూసుకునేది అడిగేదాన్ని చూసుకోలేదా అన్నాను. మీ అమ్మ ఒప్పుకునింది.”

నాకు పరీక్ష పెడతారా అని కోపం వచ్చింది. వచ్చిన కోపం నన్ను దాటి పోయింది. చేతికి అందిన చాట విసిరేశాను. అత్త దాన్ని తెచ్చి, దుమ్ము తట్టి, మేకుకు తగిలించింది. “గుడ్లు బుధవారం తెస్తాను” అని లోపలికి పోయింది.

తెలియనివాళ్ళ కోసం పట్టుపురుగు సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. పుట్టినప్పుడు చీమకన్నా సన్నగా ఉంటుంది. వెదురు తట్టల్లో పెట్టి, లేత ఆకును సన్నగా తరిగి పైన చల్లాలి. రోజుకు అయిదారు మార్లు మేత. అలా తింటూ తింటూ ఒకనాడు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. దాన్ని జ్వరానికి కూర్చోవడం అంటాం. జ్వరం ఏమీ కాదు, పాత తోలు విడిచి కొత్త తోలు తెచ్చుకుంటుంది. ఆ ఒక రోజు దానికి ఆకు వెయ్యకూడదు, కదిలించకూడదు, సున్నపు పొడి చల్లి పడక పొడిగా ఉంచాలి. అలాంటి జ్వరాలు నాలుగు. నాలుగూ దాటిన పురుగు చిటికెన వేలంతై, మనం మేత వెయ్యలేనంత తిని, పండి, గూడు కడుతుంది. మొత్తం నెలకు కొంచెం తక్కువ. ఇందులో కష్టమైన పని ఏదీ లేదు. దేని తర్వాత ఏది అన్నదే ఉంది. నాకు లేనిదీ అదే.

మొదటి రోజే చేతులెత్తేశాను. మా ఆయన పనులన్నీ కాగితం మీద వరుసగా రాసి గోడకు అంటించాడు. నేను చదివాను, చదివిన మూడోదాన్ని ముందు చేశాను. చదవడం ఒక పని, చెయ్యడం ఇంకొక పని, రెండింటి మధ్యా వంతెన లేదు. అత్త ఆ కాగితాన్ని కాసేపు చూసింది. ఆమెకు చదువు రాదు. “ఇది నీకూ పనికి రాలేదు, నాకూ పనికి రాదు” అని చించి పొయ్యిలో వేసింది.

తర్వాత ఆమె పురుగుల గదిలో గోడ పక్కన వస్తువులు పెట్టసాగింది. మొదట నీళ్ళ చెంబు, చేతులు కడుక్కోవడానికి. దాని పక్కన కత్తీ, ఆకు తరిగే పలకా. తర్వాత బుట్ట, తరిగిన ఆకు చల్లడానికి. తర్వాత తడి గోనెపట్ట, కిటికీకి కట్టడానికి. ఒక పని అయ్యాక ఆ వస్తువును గడప అవతల పెట్టాలి. గడప ఇవతల ఏమీ మిగలకపోతే ఆ పూట పని అయినట్టు. జ్వరం రోజు బుట్ట బోర్లా ఉంటుంది, దాని మీద సున్నపు డబ్బా ఉంటుంది. బుట్ట బోర్లా ఉంటే ఆకు లేదు. అంతే.

“నువ్వు తట్ట ముట్టనన్నావే” అన్నాను.

“ముట్టలేదే. నా ఇంట్లో చెంబు నాకు ఇష్టమొచ్చిన తావ పెట్టుకుంటాను. మీ అమ్మకి ఏం పని?”

మొదటి రెండు రోజులూ చెంబు నుంచి గోనెపట్ట దాకా చేరడానికి అరపూట పట్టింది. మధ్యలో కోడి వచ్చి కత్తి మీద నిలబడితే నేను ఆగిపోయి, కోడిని ఏ వరుసలో చెయ్యాలా అని చూస్తూ ఉండిపోయాను. అయితే నాలుగోనాటికి చెంబు తీసుకోగానే చెయ్యి కత్తివైపు తనంతట తానే పోయింది. మొదటి జ్వరం దాటింది. రెండో జ్వరం దాటింది. తట్టలు రెండు నుంచి ఆరు, ఆరు నుంచి పద్నాలుగు అయ్యాయి. పొద్దున లేవగానే గోడ పట్టుకోకుండా గదిలోకి నడిచానని నాకు ఆలస్యంగా తెలిసింది. నాకు ఎంత గర్వం వచ్చిందంటే మా ఆయన ఫ్యాక్టరీ మెషీను గురించి చెబుతుంటే, “నీ మెషీనుకి జ్వరం రాదు గదా” అని తీసిపారేశాను.

మూడో జ్వరం నాడు అత్త బేరిగైకి పోవలసి వచ్చింది. చెల్లెలి కొత్తింటి గృహప్రవేశం. పోయే ముందు గదిలో అన్నీ సర్దింది. బుట్ట బోర్లించి, దాని మీద సున్నపు డబ్బా పెట్టి, “ఈ పొద్దు ఏమీ లేదు. ఊరికే ఉండు. ఊరికే ఉండేదే పని” అని చెప్పి పోయింది.

నేను పొద్దున సున్నం చల్లి, డబ్బా గడప అవతల పెట్టి, వాకిట్లో పడుకున్నాను. మధ్యాహ్నం మా ఆయన మొదటి షిఫ్టు ముగించుకుని వచ్చాడు. వచ్చి చూస్తే కోసిన ఆకు నీడలో వాడుతోంది, బుట్ట బోర్లా పడి ఉంది, పెళ్ళాం నిద్రపోతోంది. పాపం, మరిచిపోయింది, లేపి ఎందుకు బాధపెట్టడం అనుకున్నాడు. ఆకంతా తానే తరిగి, బుట్ట తిప్పి, నిండా నింపి, గోడ పక్కన దాని చోటులో పెట్టి, చడీ చప్పుడూ లేకుండా స్నానానికి పోయాడు. పెళ్ళయ్యాక ఆయన నాకు పనిలో సాయం చేసిన మొదటి రోజు అది.

నేను లేచి గదిలోకి పోయాను. బుట్ట నిలువుగా ఉంది. ఆకు ఉంది. తట్ట మీద గుడ్డ తీశాను. పురుగులు తలలెత్తి, కదలకుండా ఉన్నాయి. జ్వరమని కళ్ళకు తెలిసింది. చెయ్యి మాత్రం బుట్ట మాటే విన్నది. పద్నాలుగు తట్టలకూ ఆకు వేసి, బుట్ట గడప అవతల పెట్టి, పని అయిందని సంతోషంగా బయటికి వచ్చాను.

పొద్దు ఉండగానే అత్త వచ్చింది. బేరిగై నుంచి తెచ్చిన ఒబ్బట్ల మూట కింద పెట్టి, నేరుగా గదిలోకి పోయి, గుడ్డ ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

“బుట్ట ఎవురు తిప్పింది?”

మా ఆయన పెరట్లో నుంచి వచ్చాడు. “నేనేమ్మా. మరిచిపోయిందేమో అని...”

నాకు మొత్తం అర్థమైంది. పాప, బస్సు, మా అమ్మ, ఈ తట్టలు, అన్నీ ఒకేసారి. సున్నపు డబ్బా ఎత్తి ఆయన మీదికి విసిరాను. ఎప్పటిలాగే చెయ్యి గురి దాటింది. డబ్బా ఆయన చెవి పక్కగా పోయి గోడకు కొట్టుకుని పగిలి, సున్నం గదంతా లేచింది. దుమ్ము అణగాక చూస్తే ముగ్గురం తెల్లగా ఉన్నాం. అత్త కనుబొమలు కూడా తెల్లగా ఉన్నాయి.

“గురి కూడా పోయినట్టుంది దీనికి. మంచిదే అయింది” అన్నాడాయన.

ముందు అత్త నవ్వింది. తర్వాత ఆయన. తర్వాత నేను. దెబ్బ తగిలినప్పటి నుంచి నలుగురు నవ్వినప్పుడు నేనూ నవ్వింది అదే మొదలు. ఒబ్బట్ల మీద కూడా సున్నం పడింది, అయినా దులుపుకుని తర్వాత తిన్నాం.

నవ్వు అయ్యాక అత్త చేతులు కట్టుకుని నిలబడింది.

“నేను తట్ట ముట్టను. మాట ఇచ్చినాను. ఏమి చేస్తావో నువ్వే చెప్పు.”

“నాకు తెలీదు అత్తా.”

“తెలిసే దాకా నిలుచుకుంటాను.”

నేను తట్ట ముందు కూర్చున్నాను. ఎంతసేపని చెప్పలేను. ఆలోచన మొదలయ్యేది, రెండడుగులు వేసేది, పడేది. మళ్ళీ లేపేదాన్ని. వాళ్ళిద్దరిలో ఒక్కరు కూడా మాట అందించలేదు, అందిస్తే పడిపోయేదాన్నే. తట్టలో పురుగులు ఒకేలా లేవు. కొన్ని ముందే తోలు విడిచి ఆకు తింటున్నాయి. తక్కినవి ఇంకా జ్వరంలోనే ఉన్నాయి. వాటి మీద ఆకు తడి చేరితే రోగం వస్తుంది. తినేవాటికి ఆకు కావాలి, తిననివాటికి ఆకు వద్దు. రెండూ ఒకే తట్టలో ఉన్నంతకాలం ఏం చేసినా తప్పే.

“తినేవాటిని ఏరి వేరే తట్టలకు మార్చల్ల” అన్నాను మెల్లగా. “మిగతావాటి మీద ఆకు తీసేసి సున్నం చల్లల్ల. రేపటి నుంచి రెండు గుంపులు. మేత వేరే, జ్వరం వేరే.”

“నీకు ఒక వరసకే దిక్కు లేదు. రెండు గుంపులు ఎట్ల చూస్తావు?” అని అడిగాడు మా ఆయన. వెక్కిరింపుగా కాదు, నిజంగానే అడిగాడు.

“రెండు వరసలు పెట్టుకుంటా. తూర్పు గోడకి ఒకటి, పడమటి గోడకి ఒకటి. రెండు చెంబులు, రెండు బుట్టలు. నేనే పెట్టుకుంటా. మీరు ఎవురూ ముట్టొద్దు.”

ఆ మాట నాది. ఎవరో చెప్పింది కాదు, వరుసలో పెట్టి ఉంచింది కాదు. పడ్డప్పటి నుంచి నా తలలో తనంతట తాను మొదటి నుంచి చివరిదాకా నడిచి వచ్చిన ఆలోచన అదొక్కటే. అత్త పక్కింటికి పోయి ఇంకొక చెంబూ బుట్టా అడిగి తెచ్చి, గడప బయటే పెట్టింది.

పొద్దు గూకేలోపు ఏరడం ముగించాను. ఆ తర్వాతి పదిరోజులూ తూర్పు గోడ నుంచి పడమటి గోడకూ, పడమటి నుంచి తూర్పుకూ తిరిగాను. ఒకసారి ఆకు కుప్పలోనే పడి నిద్రపోయాను. ఒకసారి రెండు గుంపులూ కలిసిపోయాయని భ్రమపడి ఏడ్చాను, లెక్క చూసుకుంటే ఏమీ కాలేదు. కొన్ని పురుగులు చచ్చాయి, ఎక్కువ బతికాయి. నాలుగో జ్వరం కూడా రెండు గుంపులకు రెండు వేర్వేరు రోజుల్లో వచ్చింది. రెండు రోజులూ బుట్ట నేనే బోర్లించాను. చివరికి పురుగులు పసుపచ్చగా పండి తలలు ఊపడం మొదలుపెట్టినప్పుడు, అటక మీది చంద్రికలు దించడానికి మా ఆయన ఎక్కాడు. అత్త నిచ్చెన పట్టుకుంది. నేను దూరంగా నిలబడి సలహాలు చెప్పాను.

గూళ్ళు విడిపించిన రోజు అమ్మ వచ్చింది. బుట్టలో చెయ్యి పెట్టి ఒక గూడు తీసి, రెండు వేళ్ళతో నొక్కి, చెవి దగ్గర పెట్టి ఊపింది. లోపల పురుగు గలగలమంది. ఇంకొకటి తీసింది. అది మెత్తగా ఉంది. మూడోది గట్టిగా ఉంది.

“కొన్ని పలచగా ఉండాయి” అంది.

“అవి జ్వరంలో ఆకు తడి తగిలినవి” అన్నాను.

అమ్మ గూడు బుట్టలో వేసి నా వైపు తిరిగింది. “పంట తెచ్చినావు, కాదనను. నగేది పోయిందా?”

అబద్ధం చెప్పమని అత్త కళ్ళతోనే చెప్పింది. చెప్పాలనే ఉంది. నా నోటికి ఆ విద్య పోయింది.

“పోలేదమ్మా. ఏడిచేదీ పోలేదు. ఎప్పుడు ఏది వస్తాదో నాకే తెలీదు.”

అమ్మ బుట్ట మీద గుడ్డ కప్పింది. “ఆదివారం సంత నాడు పిలుచుకోని వస్తాను” అంది లేస్తూ. “బిడ్డ భయపడిందంటే మాత్రం అదే బస్సుకి తిరుక్కోని పోతాను. అప్పుడు నన్ను తిట్టొద్దు.”

ఆ వారమంతా నేను ఒకే పని అభ్యాసం చేశాను. పాప దిగుతుంది. నేను నవ్వుమొహంతో ఎదురుపోతాను. వచ్చినావా బంగారూ అంటాను. ఎత్తుకోను, చేతుల మీద ఇంకా నమ్మకం లేదు, చెయ్యి పట్టుకుంటాను. మూడే ముక్కలు. మా ఆయనను పాపగా నిలబెట్టి కూడా చేసి చూశాను. బాగానే వచ్చింది.

కెలమంగలం బస్సు నిలిచే చోట ఆదివారం నిలబడటానికి తావు ఉండదు. టమాట బుట్టలు, కోళ్ళు, సంచులు, అరుపులు. ఉద్దనపల్లి బస్సు వచ్చింది. ముందు అమ్మ దిగింది. వెనక పాప, నూనె పెట్టి బిగించి వేసిన రెండు జడలతో, కొత్త గౌనులో. పై పెదవి మీద చిన్న గీత ఉంది. రెండు నెలల్లో కొంచెం పొడుగైంది.

నేను ఎదురుపోయాను. నోరు తెరిచాను. బంగారూ అన్న మాట రాలేదు. కడుపు లోపలి నుంచి ఏడుపు వచ్చింది, చావింట్లో కూడా ఎవరూ ఏడవనంత గట్టిగా. నేలమీద కూర్చున్నాను. సంత సంతంతా నావైపు తిరిగింది. “ఎవురు పోయినారమ్మా?” అని ఒక ముసలామె నా భుజం పట్టుకుని, జవాబు వినకుండానే నాతో పాటు ఏడవసాగింది. ఒకాయన సోడా పట్టుకొచ్చాడు. ఇంకెవరో తమిళంలో డాక్టరును పిలవమంటున్నారు. అత్త అందరినీ తోస్తోంది గానీ ఆమెను ఎవరూ లెక్కచెయ్యడం లేదు. ఏడుస్తూనే నేను అన్నీ చూస్తున్నాను. మా అమ్మ పాప చెయ్యి బిగించి పట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసింది. బస్సు ఇంకా ఆగే ఉంది. కండక్టరు ఉద్దనపల్లి, రాయకోట అని జనాన్ని పిలుస్తున్నాడు.

పాప అమ్మమ్మ చెయ్యి విడిపించుకుంది. జనం కాళ్ళ మధ్య నుంచి దూరి వచ్చి, నా ముందు గొంతుక్కూర్చుంది. నా మొహంలోకి చూసింది, పరీక్షగా.

“అమ్మా, నీకు నొప్పి ఉందా?”

తల అడ్డంగా ఊపాను.

“మరి నేనొచ్చింది ఇష్టం లేదా?”

“ఇష్టం” అన్నాను ఎక్కిళ్ళ మధ్య. “సంతోషం. శానా సంతోషం.”

నేను ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చినప్పటి నుంచి నా మొహం చూసి అందరూ ఏదో ఒకటి అనుకున్నారు. డాక్టరు, ఊరివాళ్ళు, మా అమ్మ, చివరికి మా ఆయన. లోపల ఏముందని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. పాప అడిగింది, చెప్పింది నమ్మింది. లేచి నిలబడి, గౌను దులుపుకుని, జనం వైపు తిరిగింది.

“ఎవురూ పోలేదు. మా అమ్మకి సంతోషంగా ఉండాది. మీరు పోండి.”

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సోడా ఆయన సీసా పాప చేతికిచ్చి పోయాడు. మా అమ్మ వచ్చి, పాప బట్టల సంచీ నా ఒళ్ళో పెట్టి, కదులుతున్న బస్సు వెంట పరుగెత్తి ఒక్కతే ఎక్కింది.